తల ఎత్తని నర్సు

వాషర్‌మెన్‌పేట్ ఆసుపత్రిలో గర్భిణుల వివరాలు రాసే ఆ నర్సు, "మందు తాగతావా మా?" అని అందరినీ తల ఎత్తకుండా అడిగేది. మొహం చూసి అడిగితే అబద్ధం చెప్తారట.

"మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు," అన్నాను.

"నిన్నడగలేదు అవ్వా."

మూడు నెలలు నిండిన నా కోడలు, "శనివారాలు రెండు గ్లాసుల బీరు," అంది.

పదమూడు శనివారాలు, ఇరవై ఆరు గ్లాసులు. ఆ లెక్క నేను పైకే చెప్పాను.

"బిడ్డకేమైందో ఇప్పుడే చెప్పలేం మా. ఈ పొద్దు నుంచి చుక్క కూడా వద్దు," అని కోడలితో చెప్పి, నర్సు నా వైపు తిరిగింది. "నువ్వు తిట్టినావంటే ఈ పిల్ల ఇంకెవరికీ నిజం చెప్పదు."

నేను తిట్టలేదు. కోడలు మళ్లీ తాగలేదు. మనవడికి మాటలు ఆలస్యమైనప్పుడు డాక్టరుకు ఆ బీరు సంగతి తనే చెప్పింది, ఒక్క గ్లాసు తగ్గించకుండా.