చిలకల సందు గీసిన మనిషి

మా ఆఫీసులో ఊరి పటాలు గీసే ఆయన్ని అందరూ ‘సన్నగీత’ అనేవాళ్లు. ఆయన కలం అంత సన్నగా నడిచేది. ఇరవై ఎనిమిదేళ్లు ఒకే బల్ల, ఒకే కిటికీ, ఒకే కుర్చీ. కుర్చీకి మాత్రం రెండుసార్లు కాళ్లు మార్చారు. ఏ వీధి ఎక్కడ మలుపు తిరుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. అలాంటి మనిషి, ఇంటికెళ్లే దారి తప్ప మరో దారి పట్టాడంటే తప్పిపోయేవాడు. ఒకసారి పోస్టాఫీసుకని బయల్దేరి రైల్వే స్టేషన్లో తేలాడు. వీధుల వెంట తిరిగి కొలతలు రాసుకొచ్చేవాళ్లు వేరే ఉండేవారు. ఈయన ఊరంతా కాగితం మీదే చూశాడు.

నేను పక్క బల్ల దగ్గర పేర్లు సరిచూసేవాణ్ణి. వీధుల పేర్లకు సిగ్గూ ఎగ్గూ ఉండవు. కొత్త వీధి ఊళ్లోకెల్లా పాతది. మూడు బావుల వీధిలో ఒక్క బావి కూడా ఉన్నట్టు ఎవరికీ గుర్తు లేదు. ఇంకో వీధికి ఎడమ వరసవాళ్లు ఒక పేరు, కుడి వరసవాళ్లు ఇంకో పేరు చెప్పి, తమదే వేయాలని మా ప్రాణాలు తోడేసేవారు.

పటాల వ్యాపారంలో ఒక గుట్టు ఉంది. మన పటాన్ని ఎవడైనా కాపీ కొట్టి అచ్చేసుకుంటే పట్టుకోవడం కష్టం. వీధులన్నీ ఊళ్లో ఉన్నవే కదా, మేమూ తిరిగి కొలుచుకున్నాం అంటాడు. అందుకని లేని సందు ఒకటి పటంలో ఇరికిస్తారు. అది కూడా వాడి పటంలో కనబడిందా, దొంగ దొరికినట్టే. ఆ పని సన్నగీతకే పడింది. నూనె మిల్లు వెనక ఖాళీ నేల మీద ఆయన వెంట్రుకంత సందు గీసి, చిలకల సందు అని పేరు పెట్టాడు. అక్కడ సందూ లేదు, చిలకలూ లేవు. ఆ తర్వాత మా కొలతలవాళ్లు అటు పోలేదు. లేని సందును కొలవడానికి ఎవరు పోతారు?

పదకొండేళ్లకు దొంగ దొరికాడు. అవతలి ప్రెస్సువాళ్లు వేసిన పటంలో చిలకల సందు నిక్షేపంగా ఉంది. మా యజమాని కేసు వేశాడు. సన్నగీత బోనెక్కి, ఆ సందు లేదు, నేనే కల్పించాను అంటే చాలు.

“ఆ రెండు ముక్కలూ సరిగ్గా చెప్పు. తేడా వస్తే నీ బల్ల ఖాళీ చేసుకోవడమే,” అన్నాడు యజమాని నవ్వుతూ. ఆ నవ్వు ఎలాంటిదో మాకు తెలుసు.

సాక్ష్యానికి ముందురోజు సన్నగీత బుర్రలో ఏదో పురుగు తొలిచింది. లేదని ప్రమాణం చేసేముందు ఒక్కసారి చూసి రావాలి కదా అన్నాడు. దారి తెలియదు కాబట్టి నన్ను తోడు తీసుకెళ్లాడు.

మిల్లు గోడ చుట్టి వెళితే సందు ఉంది. అటు తొమ్మిది ఇళ్లు, ఇటు తొమ్మిది. మొదటి గుమ్మంలో ఒకావిడ కుట్టుమిషను తొక్కుతోంది.

“ఎవరింటికన్నా?” అంది.

“ఇది... ఏ సందమ్మా?”

“చిలకల సందు.”

సన్నగీత సందు లోపలికి నడిచాడు. నేనే మాట కలిపాను. ఆరేళ్ల కిందట వరదలో ఇళ్లు పోయినవాళ్లకు మున్సిపాలిటీ అక్కడ స్థలాలు ఇచ్చిందట. కొలవడానికి వచ్చిన గుమాస్తా దగ్గర మా పటం ఉంది. పటంలో సందు ఉంది, నేల మీద లేదు. అచ్చయిన పటం తప్పెందుకవుతుందిలే అనుకున్నాడు. పటం మీదే స్కేలు పెట్టి సందు వెడల్పు లెక్కకట్టి, ఆ ప్రకారం కర్రలు పాతించి తన దారిన తాను పోయాడు.

“ఇప్పుడు మిల్లాయన ఈ నేల నాదంటున్నాడు. పటంలో సందుంది చూడండయ్యా అని అందరికీ చూపిస్తున్నాం. పట్టాలు ఇంకా చేతికి రాలేదు, మాకున్న ఆధారం అదొక్కటే. రేపు కోర్టులో ఆ సందే దొంగదని తేలుతుందట కదా. తేలిన మర్నాడే గోడలు పడగొట్టిస్తానన్నాడు,” అని ఆవిడ దారం కొరికింది.

తిరిగొస్తూ సన్నగీత రెండుసార్లు ఆగి ఆ సందు వైపే వెనక్కి చూశాడు. నాకు భయమేసింది. దాచడమెందుకు, ఆయన కోసం కాదు, ఆయన్ని అక్కడికి తీసుకెళ్లిన నా ఉద్యోగం కోసం.

మర్నాడు మా వకీలు తాపీగా అడిగాడు.

“చిలకల సందు అనేది ఊళ్లో లేదు కదా?”

“ఉందండి. నిన్న నడిచొచ్చాను.”

వకీలు కాగితాలు ఒకసారి అటూ ఇటూ తిప్పాడు. “అది మీరు కల్పించిందే కదా?”

“కాదండి. ఉన్న సందే గీశాను.”

నాకు తెలిసి ఆయన నోటితో చెప్పిన మొదటి అబద్ధం అదే. కలంతో చెప్పినవి వేరు.

కేసు పోయింది. సాయంత్రం యజమాని ఆయన బల్ల దగ్గర నిలబడి, “ఇన్నేళ్లలో ఒక్క వీధి చూసొచ్చిన పాపాన పోలేదు. చూడక చూడక దీన్నే చూడాల్సొచ్చిందా?” అన్నాడు. సన్నగీత కలాలు మూటగట్టుకుని వెళ్లిపోయాడు. నన్నేమీ అనలేదు, నా ఉద్యోగం మిగిలింది. అందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఆ సిగ్గుతోనే నెల తర్వాత ఆయన్ని బలవంతంగా అక్కడికి లాక్కెళ్లాను. మిల్లాయన నోరు మూతపడింది, ఇళ్లు ఇళ్లలాగే ఉన్నాయి. ఈ సందు పటంలో గీసింది ఈయనేనమ్మా, కోర్టులో చెప్పిందీ ఈయనే అని కుట్టుపని ఆవిడకు చెప్పాను. నాలుగు మంచి మాటలు అంటుందనుకున్నాను. ఆవిడ మిషను ఆపి ఆయన్ని ఎగాదిగా చూసింది.

“మీరేనా? మరి ఇంత ఇరుగ్గా గీశారేంటన్నా? నీళ్ల బండి లోపలికి రాదు. మా అత్తకి ప్రాణం మీదికొస్తే మంచంతో సహా మిల్లు దాకా మోసుకెళ్లాం, ఆటో రాక. గీసేదేదో ఇంకో నాలుగడుగులు వెడల్పుగా గీస్తే మీ సిరా అయిపోయేదా?”

సన్నగీత రెండు చేతులూ చాచి సందు వెడల్పు చూసుకున్నాడు.

“మనుషులుంటారనుకోలేదమ్మా,” అన్నాడు.