నాగప్ప పంతులు మేకలు

నాగప్ప పంతులు చేతిలో పడిన కథలో మనిషన్నవాడు మిగలడు. గురకపెట్టే పట్వారీ కానీ, బావిలో పడ్డ పటేలు కానీ, పంతులు దిద్దడం పూర్తయ్యేసరికి మేక అయిపోవాల్సిందే.

గద్వాలలో నేతగాళ్ల వీధి చివర చిన్న గ్రంథాలయం ఉండేది. ప్రతి ఆదివారం పంతులు అక్కడ పడుచువాళ్లకు నవ్వుల కథలు రాయడం నేర్పేవాడు. నిజాం సర్కారు రోజులు. నలుగురు ఒకచోట కూర్చుంటే సర్కారు అనుమతి, అదే ఇజాజత్, ఉందా అని అడిగే కాలం. పంతులు చూస్తే ఎండుటాకు కదిలినా గుండె పట్టుకునే మనిషి. ఒక వాక్యం చెప్పడం, గుమ్మం దాకా వెళ్లి వీధిలోకి తొంగి చూడడం, మళ్లీ వచ్చి "యాడిదాక వచ్చినం?" అనడం. ఆ భయం అందరికీ అంటుకుంది. నెల తిరిగేసరికి శిష్యులంతా తలుపు వైపు చూస్తూ రాయడం నేర్చుకున్నారు.

పాఠం మాత్రం బ్రహ్మాండంగా చెప్పేవాడు.

"మనం చీరంత పట్టుతోనే నేస్తమా? ఒళ్లు నూలు, అంచు పట్టు. కథ గూడ గంతే. నవ్వును కొసకు దాచుకోవాలె. మొదట్లనే నవ్విస్తే చివరికి ఏం జేస్తరు, ఏడుస్తరా?"

అంతవరకు బాగానే ఉండేది. ఆ తర్వాతే మేకలు వచ్చేవి.

ఒకసారి బాలకిష్టయ్య తన మేనత్త పెళ్లి గురించి రాశాడు. "మీ అత్తకు చదువు రాదు గని, ఎవలన్న చదివి చెప్తే? మేకను జెయ్" అన్నాడు పంతులు. పెళ్లికూతురు మేక అయింది. "పెండ్లికొడుకు దిక్కోళ్లు ఊకుంటరా?" పెళ్లికొడుకూ మేకే. పురోహితుడూ మేకే. తీరా విందు దగ్గర చిక్కు వచ్చిపడింది.

"విందుల ఏం వండిండ్రని రాసినవ్?"

"మాంసం, పంతులూ."

"ఏం మాంసం?"

బాలకిష్టయ్య కాగితంలో 'మేక' అన్న మాట మీద బొటనవేలు పెట్టి మూశాడు. పంతులు ఆ మాట కొట్టేసి, విందులో ఒట్టి విస్తరాకులే వడ్డించమన్నాడు.

శంకరయ్యకు ఈ మేకలంటే ఒళ్లుమంట. మగ్గం మీద కూర్చునే పద్దెనిమిదేళ్ల కుర్రాడు, కడుపులో మాట దాచుకోలేడు. ఊళ్లు తనిఖీ చేస్తూ దౌరాకు వచ్చిన పోలీసు అమీను తమ ఇంటి ఒక్కగానొక్క కోడిపుంజును కోయించుకు తిని, తెల్లారి చేసిన నిర్వాకం గురించి కథ రాసుకొచ్చాడు. మొదటి వాక్యంలో "అమీను" అన్న మాట వినగానే పంతులు రెండు చెవులూ మూసుకున్నాడు.

"వద్దు నాయినా. ముందుగాల మేకను జెయ్. అప్పుడు వింట."

"మేక పుంజును తింటదా, పంతులూ?"

"తింటది. మన కథల తింటది."

పిరికి పంతులు అని లోలోపల తిట్టుకుంటూనే శంకరయ్య దిద్దాడు.

మరుసటి ఆదివారం అతను చదవడానికి లేచాడో లేదో, గుమ్మంలో బూట్ల చప్పుడైంది. పంతులు ఇన్నాళ్లూ దేనికి భయపడ్డాడో అదే చప్పుడు. అమీను లోపలికి వచ్చి పంతులు కుర్చీలో కూర్చున్నాడు.

"ఏంది, మీటింగా?"

"కథలు, హుజూర్. ఉత్త నవ్వుల కథలు."

"అయితే ఎందుకు ఆగినవ్? చదువ్."

శంకరయ్య కాగితం ముఖానికి అడ్డంగా ఎత్తి పట్టుకున్నాడు. ఠాణా, లాఠీ, నాయిన ముఖం, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"ఒక మేక... దౌరా మీద ఒక ఊరికొచ్చింది."

అమీను కనుబొమలు లేచాయి.

"ఆ మేకకు కోడిపుంజు కూర తినబుద్ధయింది."

"ఠైరో!" అన్నాడు అమీను. "మేక కోడిని తింటదా? ఎవడ్రా ఈ మేక?"

శంకరయ్య నోరు తెరిచేలోపే పక్కనుంచి సన్నటి గొంతు వినిపించింది.

"నేనే, హుజూర్."

పంతులు చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. "పోరగాండ్లు నా మీద పరాచికాలాడుతుండ్రు. ఈడ ఏ కథల మేకున్నా అది నేనే."

అమీనుకు నమ్మకం కుదరలేదు. బల్ల మీదున్న కథలన్నీ బాలకిష్టయ్య చేత చదివించి, ఒక్కొక్క మేక గురించీ అడిగాడు.

"ఈ గురకపెట్టేది?"

"నేనే, హుజూర్."

"బావిల పడ్డది?"

"నేనే, హుజూర్. ఈత రాదు."

"మరి గీ పెండ్లికూతురు?"

పంతులు తల వంచుకున్నాడు. "అది గూడ నేనే, హుజూర్."

అమీను పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకుని, పంతులును ఎగాదిగా చూసి మళ్లీ నవ్వాడు. అలా నవ్వుకుంటూనే వీధిలోకి వెళ్లిపోయాడు.

బూట్ల చప్పుడు దూరమయ్యాక పంతులు గోడకు జారగిలబడ్డాడు. శంకరయ్య పట్టుకుని కూర్చోబెట్టి నీళ్లు తాగించాడు. ఈ మనిషినా పిరికివాడన్నానని సిగ్గేసింది, ప్రేమ పొంగింది.

"ఎవలన్న అడిగితే గిట్ల చెప్పాలనేనా, పంతులూ, మాతోని మేకలు రాయించింది?"

"ఇంకేం జెయ్యాలె నాయినా? అందరు ఒక్క మేకే అయితే ఒక్కడే దొరుకుతడు." పంతులు ఇంకో గుక్క నీళ్లు తాగాడు. "గని పెండ్లికూతురును గూడ అడుగుతడనుకోలే. సరే, నీ కథ నడుమల ఆగింది. కొస చదువు."

శంకరయ్య కాగితం తీశాడు.

"కడుపునిండ తిన్న మేక, మర్నాడు బారెడు పొద్దెక్కినంక లేచింది. 'మీ ఇంట్ల కోడి ఎందుకు కూయలేదు?' అని ఇంటాయనను గద్దించింది."

పంతులు పెదవులు కదిలాయి. లేచి వెళ్లి తలుపు గడియపెట్టి వచ్చాడు.

"మల్లొక్కసారి చదువు, నాయినా" అన్నాడు గొంతు తగ్గించి. "ఈసారి మేక గాదు, అమీను అనే చదువు."

శంకరయ్య అలాగే చదివాడు. అందరికంటే ముందు పంతులే నవ్వాడు, నోటికి కండువా అడ్డం పెట్టుకుని.