విమానం పోయేదాకా ఆగిన మాట

ఆ రోజుల్లో నాకు లోకమంటే ప్రొబేషన్ గండం దాటడమొక్కటే. శంషాబాద్‌లో చిన్న కంపెనీ. మనిషి మాట్లాడితే విని రాసిపెట్టే కంప్యూటర్‌కు మా పల్లెల యాస నేర్పడం నా పని. దాని చెవిలాంటి భాగాన్ని అకూస్టిక్ మోడల్ అంటారు (అప్పటికి నాకు ఆ పేరు తప్ప పెద్దగా ఏమీ తెలియదు). విమానాశ్రయం పక్కనే ఉన్న మా కొత్వాల్‌గూడ వాళ్ల మాటలు వారాల తరబడి ఫోన్‌లో రికార్డు చేసి, విన్నది విన్నట్టు టైపు చేసి దానికి అప్పజెప్పాను. తీరా పరీక్ష రోజున వేరే ఊరి పెద్దమనిషి ఒకాయన మాట్లాడుతుండగా ఆఫీసు మీదుగా విమానం పోయింది. ఆయన ఆపలేదు గానీ, కంప్యూటర్ రాయడం ఆపేసింది! "మధ్యలో అంతా ఖాళీగా వచ్చిందేమిటండీ? సోమవారంలోగా సరిచేయండి, లేకపోతే మీ ప్రొబేషన్ సంగతి ఆలోచించాల్సి వస్తుంది" అన్నారు మా మేడమ్, చాలా మర్యాదగా. ఆ మర్యాదకే నాకు చెమటలు పట్టాయి.

రికార్డింగులు మళ్లీ వింటే తప్పు దొరికింది. మా ఊళ్లో విమానం వస్తే ఎంతటి మాటైనా అక్కడే ఆపుతారు, పోయాక ఆపినచోటు నుంచే అందుకుంటారు. (నేనూ అంతే, అందుకే గమనించలేదు.) ఆ మోత వినబడితే ఎవరూ మాట్లాడరని కంప్యూటర్ నేర్చుకుంది, పాపం.

శనివారం పొద్దున్నే చిన్నమ్మ ఇంటికి పరుగెత్తాను. "విమానమొచ్చినా ఆపకు చిన్నమ్మా, జర మాట్లాడుతనే ఉండు" అని బతిమాలాను. సరేనంది. మోత రాగానే చెయ్యెత్తి ఆగిపోయింది. "గంత మోతల మాట్లాడుడేందిరా, ఎవనికి ఇనవడ్తది?" పదిసార్లు ప్రయత్నిస్తే పదిసార్లూ అంతే. ఆదివారం మధ్యాహ్నానికి నాకు ఏడుపొకటే తక్కువ. అన్నం పెడుతుంటే తెగించి ఫోన్ ఆన్ చేసి, "నీ పచ్చిపులుసు కంటె అమ్మ చేసిందే మంచిగుంటది" అన్నాను. అంతే! నెత్తిమీద వరసగా మూడు విమానాలు పోయాయి, చిన్నమ్మ తిట్లు ఆపి ఊపిరి కూడా తీసుకోలేదు. అదే ఉపాయంతో సాయంత్రం దాకా ఇల్లిల్లూ తిరిగి, వంటలకు వంకలు పెట్టి, తిట్లు పోగుచేసుకొచ్చాను. వాటన్నిటినీ నా చేత్తోనే టైపు చేసి కంప్యూటర్‌కు నేర్పాను.

సోమవారం విమానం వచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి తెర మీద అక్షరాలు వస్తూనే ఉన్నాయి. ఉద్యోగం దక్కింది.

క్షమించమని అడగడానికి తలవంచుకుని పోయాను. చిన్నమ్మ నవ్వింది. "ఫోన్ ఆన్ జేసుడు నేను సూడలేదనుకున్నవా? కోపమైతే నిజమే. విమానాల మోతల మాటలే గద నీకు గావాల్సింది, అవి బందయినయని ఆపిన గని, నీ మీద ఇంక చానా ఉండె" అంది. ఊరందరినీ బురిడీ కొట్టించానని మురిసిపోయిన అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది.