నడిమింట ఆరిపోయే చుక్క

పట్నంలోని ఛత్రినాకలో అంజన్‌కు నాలుగు బర్రెలుండేవి. సాయంత్రం వాడుక ఇళ్లకు పాలు పోసి వచ్చాక మిద్దె ఎక్కేవాడు, నడిచే చుక్కల కోసం. అవి మనుషులు పంపిన ఉపగ్రహాలని రేడియోలో విన్నాడు. ఏది ఏ దిక్కున లేస్తుందో, ఎన్నాళ్లు కనబడకుండా పోతుందో చూసి చూసి పట్టుకున్నాడు.

"పాలు పోసేటోనికి చుక్కలతోని ఏం పని?" అని పక్కింటి బాలమ్మ నవ్వేది. "పాలల్ల నీళ్లు మేం చూడొద్దని పైకి చూపిస్తున్నవా?"

"నీళ్లు నువ్వు చూసినవా వదినా?"

"నువ్వు చుక్కను చూసినట్టే చూసిన."

డెబ్బై ఒకటి వానాకాలంలో అతని కూతురు కళావతి జ్వరంతో పోయింది. ఏడేళ్లు నిండలేదు. తల్లి కాశమ్మ ఏడవలేదు. మాట్లాడలేదు.

దీపావళి వెళ్లాక ఒక సాయంత్రం అంజన్ ఆమెను మిద్దె మీదికి తీసుకెళ్లాడు. నడిచే తెల్లని చుక్క ఒకటి పడమట లేచింది. నడిమింటికి, సరిగ్గా తలమీదికి వచ్చి, అక్కడే సన్నబడి ఆరిపోయింది.

"మధ్యల్నే పాయె," అంది కాశమ్మ. "గది మన కళనే." అప్పుడు ఏడ్చింది.

చుక్క భూమి నీడలోకి పోయిందని అంజన్‌కు తెలుసు. చెప్పలేదు.

"మల్ల వస్తదా?"

"వస్తది. ఎల్లుండి."

వచ్చింది. ఆమె మళ్లీ అన్నం తినసాగింది. చుక్క వచ్చే రోజు తల దువ్వుకుని మిద్దె ఎక్కేది. కనబడని వారాల్లో, "అలిగింది," అనేది. ఎప్పుడు వస్తుందో అతను చెబితే నమ్మేది.

ఎండాకాలంలో ఒక బర్రె ఈనింది. దూడ బతకలేదు. దూడ లేనిదే బర్రె పొదుగులోకి పాలు చేపదు. పాలవాళ్లు చేసేదే అంజన్ చేశాడు. దూడ తోలులో గడ్డి కూరి, కుట్టి, బర్రె ముందు నిలబెట్టాడు. బర్రె దాన్ని నాకింది. పాలు దిగాయి.

కాశమ్మ చెంబు పట్టుకుని చూస్తూ నిలబడింది.

"దాని ముంగట గడ్డి పెట్టినవ్. నా ముంగట ఏం పెట్టినవ్?"

పితుకుతున్న అతని చేతులు ఆగాయి.

"చెప్పు."

"మిషను. ఎవరో పంపిన మిషను."

"నీకు ముందుగాలనే ఎరుకేనా?"

"ఎరుకే."

ఆమె చెంబు కింద పెట్టి అంది: "నేనప్పుడే అడిగుంటే మాత్రం... చెప్తుంటివా?"

ఆ సాయంత్రం చుక్క రావలసి ఉంది. అంజన్ మెట్ల దగ్గర నిలబడి పిలిచాడు. ఆమె పొయ్యి ఊదుతూ ఉంది. అతను రెండోసారి పిలవలేదు. తనూ ఎక్కలేదు.

మరుసటి వారం కాశమ్మ మిద్దె నిండా పిడకలు ఎండేసింది. కాలు పెట్టడానికి చోటు లేదు.