బోరు నీళ్ల చేపలు

పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నాను. మూలనున్న అక్వేరియంలో గాలి మోటారు బుడబుడమంటోంది. ఆ చప్పుడు చెవిన పడగానే పంటినొప్పి మరిచిపోయాను, సుగుణక్క గుర్తొచ్చింది. హనుమకొండలో ఒక షటర్ కిరాయికి తీసుకుని రంగు చేపలు అమ్మేది. ఆడమనిషికి ఇదేం దుకాణమని నవ్వినవాళ్లను "మీకేం తక్లీఫ్?" అని అడిగేది. ములుగు నుంచి వచ్చి డిగ్రీ చదువుకుంటూ నేను పనిచేసింది ఆమె దగ్గరే.

అక్కకు ఎల్లో సిక్లిడ్లంటే ప్రాణం. ఆఫ్రికాలో మలావీ అనే పెద్ద సరస్సు చేపలవి, నిమ్మపండు రంగు. మన బోరు నీళ్లను తిట్టుకోని రోజుండదు కదా, బకెట్లకు సున్నం పేరుకుంటుందని, పప్పు ఉడకదని! ఆ నీళ్లే వాటికి పడతాయి. "వాటి ఊరి నీళ్లు గిట్లనే ఉంటయి పిల్లా. ఫిల్టర్ నీళ్లల్ల చస్తయి. కొన్నోళ్లకు బోరు నీళ్లే పొయ్యమని చెప్పు" అని నాకు మొదటి రోజే నేర్పింది.

ఒకసారి ఆ షటర్ యజమానే తన కొత్తింటికి పన్నెండు సిక్లిడ్లు తీసుకున్నాడు. నీళ్ల సంగతి నేనే చెప్పి పంపాను. మూడో రోజు చచ్చిన చేపలను కవర్లో తెచ్చి బల్లమీద కొట్టాడు.

"ఏం నీళ్లు పోసిన్రు సార్?" అంది అక్క.

"మినరల్ వాటర్ క్యాన్లు తెప్పించిన. నేనేమన్న తక్కువోణ్ణా?"

"బోరు నీళ్లని మా పిల్ల చెప్పలేదా?"

"చెప్పింది. ములుగు అడివిల నుంచి వచ్చిన పిల్ల నాకు చెప్పుడేంది? నాకు సారీ చెప్పమను. లేకుంటే షటర్ ఖాళీ చెయ్యి."

అక్క బతుకంతా ఆ దుకాణమే. ఒక్క మాటే కదా, అనేస్తే పోలా అని నోరు తెరిచాను. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తప్పు చేస్తే నేనే చెప్పిస్త సార్. చెయ్యనిదానికి చెప్పది. ఖాళీ చేస్త."

చేసింది కూడా! ఆ వారమే చేపలన్నీ కవర్లలో కట్టి, రెండు ఆటోల్లో కాశిబుగ్గలో ఒక ఇరుకు గదికి మార్చాం. ఒళ్లో కవర్లు పెట్టుకుని దారి పొడుగునా ఏడ్చాను. "నా వల్లే గదక్కా" అంటే కసిరింది. "నువ్వేం జేసినవ్? నోర్మూస్కొని కవర్లు సక్కగ పట్టుకో." కొత్త చోటికి కొనేవాళ్లు సగం మంది కూడా రాలేదు. అయినా ఆ మనిషి బజారులో ఎదురైతే అక్క పక్కకు తప్పుకోవడం నేనెన్నడూ చూడలేదు.

ఆమె పోయి రెండేళ్లయింది. తన రోగం నాకు అంటించే పోయింది మహాతల్లి. చెయ్యని తప్పుకు నా నోట సారీ రాదు. అందుకు ఇప్పటికి రెండు ఉద్యోగాలు పోయాయి. నిన్న మూడోచోట కూడా మేనేజరు అదే అడిగాడు. చెప్పనన్నాను. పోతే పోనీ.