తెరకు వీపు పెట్టిన కుర్చీ

మొన్న శుక్రవారం హనుమకొండ మల్టీప్లెక్సులో, నేను ఎడిటింగ్ చేసిన కత్తియుద్ధాల సినిమా మొదటి ఆటకు వెళ్ళాను. తలుపు తోయగానే వెన్న పూసిన పాప్‌కార్న్ వాసన, దాని వెనకే ఒక పొడుగాటి ఈల. ఆ ఈల వినడంతో నా కాళ్ళు సీటు సంగతి మరిచిపోయి తెర పక్కనున్న తలుపు దగ్గరికి నడిచాయి. అక్కడ గోడకు ఆనుకుని, తెరకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడ్డాను. గేటు మనిషి వచ్చి, "మేడం, సినిమా అటు దిక్కున్నది" అన్నాడు పాపం, ఎంతో మర్యాదగా. తెలుసు నాయనా అన్నాను. ఆ సినిమాలో ప్రతి కోతా నాదే, నాకు కొత్తగా చూడాల్సిందేముంది? నేను చూడాల్సింది ఇటువైపు ఉందని నేర్పిన మనిషి సువార్తమ్మ. మీరు ఆమెను చూసి ఉండరు. ఆమె టాకీసులో ఏళ్ళ తరబడి సినిమాలు చూసినవాళ్ళు కూడా ఆమెను సరిగా చూడలేదు, వాళ్ళు తెర చూస్తున్నారు కదా.

వరంగల్ స్టేషన్‌లో దిగి నడిచిపోయేంత దూరంలో ఉండేది ఆ టాకీసు. రేకుల కప్పు, నూనె మరకల గోడలు, వానాకాలం వస్తే ముందు వరసలో గొడుగులు. లీజు సువార్తమ్మ భర్తది. ఆయన పోయాక, ఆడమనిషి టాకీసేం నడుపుతుందిలే అని బంధువులు తలా ఒక సలహా ఇచ్చారట. ఈమె అందరికీ చాయ్ పోసి పంపించి, మర్నాడు పొద్దున వచ్చి గేటు తాళం తీసింది. పొట్టి మనిషి, గొంతు మాత్రం బాల్కనీ దాకా వినపడేది. రోజూ ఆట మొదలయ్యే వేళకు తెర కుడి పక్కన, తలుపు దగ్గర ఒక ఇనుప కుర్చీ వేయించుకుని జనానికి ఎదురుగా కూర్చునేది. తెర మీది వెలుగు ముఖాల మీద పడుతుంటే ఆ ముఖాలు చూసేది. ఇన్నేళ్ళలో ఒక్క సినిమా అయినా మొదటి నుంచి చివరి దాకా చూసిన పాపాన పోలేదు.

నేను డిగ్రీ అయిపోయి, ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతగాక, నెక్కొండ నుంచి రోజూ పాసింజరులో వచ్చి ఆమె దగ్గర బుకింగ్ కిటికీలో చేరాను. చేరిన రోజే నన్ను లోపలికి పంపి సినిమా చూసి రమ్మంది. చూసి వచ్చి కథంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. నాకు సినిమాలంటే ప్రాణం, చెప్పడంలో కూడా ఎవరికీ తీసిపోను.

ఆమె ఓపిగ్గా విని, "గది తెర మీదున్నదే గద పిల్లా. జనం ఏం జూసిండ్రో జెప్పు" అంది.

మర్నాటి నుంచి టిక్కెట్లు అయిపోగానే ఆమె కుర్చీ పక్కన నేల మీద నాకూ చోటు దొరికింది. చూడ్డానికి అక్కడ బోలెడుందని నాలుగు రోజుల్లో అర్థమైంది. తల్లి పిల్లవాడి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి తను వేళ్ళ సందుల్లోంచి చూస్తుంది. కొత్త పెళ్ళికొడుకు తనకు భయం లేదని చూపించడానికి ముందుగా నవ్వుతాడు. నిజంగా నవ్వొచ్చినవాడు పక్కవాడి ముఖం చూస్తాడనీ, భయమేసినవాడు పక్కకు తిరగనే తిరగడనీ ఆమె చెప్పింది. నేను నమ్మలేదు. నెల రోజులు గమనించాక నమ్మక తప్పలేదు.

అట్లాంటప్పుడు వచ్చింది ఆ డబ్బింగ్ సినిమా. ఏ దేశానిదో పోస్టరు చూస్తే తెలిసేది కాదు. బట్టలకు రంగులద్దే వాళ్ళ వీధి, ఆ వీధిలో ఒక అమ్మాయి. ఆమె ఇంటిల్లిపాదినీ చంపేస్తారు. అమ్మాయి కొండల్లో ఒక ముసలామె దగ్గర కత్తి నేర్చుకుని వచ్చి ఒక్కొక్కణ్ణీ వెతికి చంపుతుంది. ఇంతవరకూ మనకు తెలియని కథ కాదు. ఆ యుద్ధాలు మాత్రం మన వీధి కొట్లాటల్లా ఉండవు, ఆరేసిన బట్టల మధ్య ఎగురుతూ తిరుగుతూ నాట్యమాడినట్టే ఉంటాయి. నీలం బట్టల మధ్య చస్తే నీలం రక్తం, పసుపు బట్టల మధ్య చస్తే పసుపు రక్తం ఫౌంటెన్‌లా చిమ్ముతుంది. మొదటి ఆటలో నీలం రక్తం చూసి ఒకడు, ఇంకు పెన్ను పగిలిందిరో అని అరిచాడు, హాలంతా ఘొల్లుమంది. పసుపు వచ్చేసరికి సీట్ల మీద ఎక్కి ఈలలు వేస్తున్నారు. ఆఖరివాణ్ణి తెల్లబట్టల మధ్య చంపినప్పుడు మొదటిసారి అసలైన ఎర్ర రక్తం కనిపిస్తుంది. అప్పుడు వేసిన కేకలకు రేకులు లేచిపోతాయనుకున్నాను.

ఆ తర్వాత అమ్మాయి బావి దగ్గరికి వెళ్తుంది. నీళ్ళు తోడుకుంటుంది. చేతులు కడుక్కుంటుంది, మళ్ళీ తోడుకుంటుంది, మళ్ళీ కడుక్కుంటుంది. మాట లేదు, పాట లేదు, రెండు నిమిషాల పైన అదే. జనం సౌండు పోయిందనుకున్నారు. సౌండూ, సౌండూ అని సీట్లు బాదడం మొదలుపెట్టారు. పైన ఆపరేటరు యాకూబ్ భాయ్ కూడా అదే అనుకుని ఆంప్లిఫయరు మొత్తం తిప్పేశాడు. గిలక కిర్రుమనే చప్పుడు పిడుగులా పడింది. ముందు వరసలో ఒక పెద్దాయన చెవులు మూసుకుని లేచి వెళ్ళిపోయాడు.

ఆట విడవగానే డిస్ట్రిబ్యూటరు మనిషి శేఖర్ ఆఫీసు గదిలోకి వచ్చాడు. మంచివాడే, కాకపోతే కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటాడు. బావి సీను కోసేద్దాం, లేకపోతే సోమవారం ప్రింటు వేరే టాకీసుకు తీసుకుపోతానన్నాడు. ఆ పండగ వారమంతా మాకు మరో సినిమా లేదు. గేటుకు తాళం పడితే మళ్ళీ తెరవనిస్తారా అన్నది అనుమానమే, ఆ స్థలాన్ని ఫంక్షన్ హాలు చేద్దామని ఆమె మరిది ఎప్పటి నుంచో కాచుకుని ఉన్నాడు. నాకు శేఖర్ మాటే సబబనిపించింది, ఆ మాటే అన్నాను. సువార్తమ్మ నా వైపు తిరిగింది.

"వాళ్ళు ఒర్రుతాండ్లంటే ఇసుగొచ్చి కాదు పిల్లా. ఒక్కడన్న పక్కోని మొకం జూసిండా? అందరి కండ్లు ఆ బాయి మీదనే ఉన్నయి. సంపుడు అయిపోయినంక ఏం జెయ్యాల్నో వాళ్ళకు ఎవ్వలు జూపియ్యలే. ఇది జూపిస్తాంది. భయమైతాంది వాళ్ళకు. గది కోసేస్తే మిగిలేది కోళ్ళు కోసే దుకాణమే."

శేఖర్ ఆదివారం పొద్దున ఆమె చర్చికి వెళ్ళే దాకా ఆగాడు. వెళ్ళాక మెట్లెక్కి యాకూబ్ భాయ్‌తో ఆఖరి రీలులోంచి ఆ ముక్క కోయించాడు. నేను చాయ్ ఇవ్వడానికి పైకి వెళ్ళేసరికి ఫిల్ము నేల మీద పాములా పడి ఉంది. ఒక్క ముక్కయినా పారేస్తే కాళ్ళు విరగ్గొడతానని సువార్తమ్మ మాకందరికీ చెప్పి ఉంచింది. కోయాలన్నది నా అభిప్రాయమే అయినా, ముక్క ముక్కే. నా టిఫిన్ డబ్బాలోని పులిహోర యాకూబ్ భాయ్‌కి పెట్టేసి, డబ్బా చున్నీతో శుభ్రంగా తుడిచి, ఫిల్ము చుట్టి అందులో పెట్టుకున్నాను.

బావి లేకుండా ఆడిన ఆట ఆ పొద్దుటి ఆట ఒక్కటే. ఎర్ర రక్తం చిమ్మింది, ఆ వెంటనే దీపాలు వెలిగాయి. పిల్లలు ఆ ఊపులోనే బయటికి పొర్లుకొచ్చారు. సైకిల్ స్టాండు దగ్గర ఎవరి కాలు ఎవరికి తగిలిందో, ఒకే వీధి వాళ్ళు, పొద్దున కలిసి వచ్చినవాళ్ళు, బెల్టులు తీసి కొట్టుకున్నారు. గేటు అద్దం పగిలింది. ఒకడి ముక్కులోంచి రక్తం కారి చొక్కా తడిసిపోయింది. అది నీలమూ కాదు, పసుపూ కాదు. ఈల వేసేవాడు ఒక్కడు లేడు. వాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళు పోశాను. ఆ నీళ్ళ చప్పుడుకు నాకు ఆ బావే గుర్తుకొచ్చింది.

సువార్తమ్మ చర్చి నుంచి తెల్లచీరలో, చంకలో బైబిలు సంచితో అప్పుడే వచ్చింది. పగిలిన అద్దం చూసింది, పిల్లవాణ్ణి చూసింది, మెట్ల మీద నిలబడిన శేఖర్‌ని చూసింది. ముక్క ఎక్కడుందని నన్ను అడిగింది. నేను డబ్బా మూత తీశాను. యాకూబ్ భాయ్ వాసన చూసి, బావి నీళ్ళకు పులిహోర వాసన వస్తోందన్నాడు. ఆమె నవ్వు ఆపుకుని, మ్యాట్నీకి అతికించమంది. శేఖర్ మళ్ళీ ప్రింటు మాట ఎత్తాడు. తీసుకుపో అంది ఆమె, తీసుకుపోయే ముందు మాత్రం ఒక్క ఆట నా కుర్చీలో కూర్చో అంది. అతణ్ణి భుజం పట్టి తీసుకెళ్ళి ఆ ఇనుప కుర్చీలో కూలేసింది. ఆమె తలుపు దగ్గర నిలబడింది, నేను నేల మీద నా చోట్లో కూర్చున్నాను.

ఆదివారం మ్యాట్నీకి ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు వస్తారు. బజారు పనులు చూసుకుని, సంచులు ఒళ్ళో పెట్టుకుని, సాయంత్రం బండి దాకా కూర్చుంటారు. నీలం రక్తానికి వాళ్ళూ నవ్వారు. పసుపుకు ఒకామె, ఎంత రంగు పాడు చేస్తున్నారమ్మా అని బాధపడింది. ఆఖరివాడు చచ్చినప్పుడు చప్పట్లు కొట్టారు, కొట్టరా మరి. ఆ తర్వాత బావి వచ్చింది. వెనక వరసల్లో, సౌండూ అని ఒక గొంతు లేచింది. తెల్లబట్టల వెలుగు హాలంతా పరుచుకుని ప్రతి ముఖమూ కనిపిస్తోంది. అమ్మాయి కడుక్కుంటోంది, మళ్ళీ తోడుతోంది. మధ్య వరసలో యాభై ఏళ్ళ మనిషి, ఒళ్ళో బట్టల మూట. ఆమె ఆ మూట మీద చెయ్యి వేసి నిమురుతూ, ఎవరికో వినిపించాలని కాదు, తెర మీది పిల్లతోనే అంది.

"ఇగ సాలు, ఇంటికి పో బిడ్డా."

ఎవరూ నవ్వలేదు. సౌండూ అన్న గొంతు మళ్ళీ లేవలేదు. దీపాలు వెలిగాక జనం ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ బయటికి నడిచారు. శేఖర్ కుర్చీలోంచి లేచి ముఖం తుడుచుకున్నాడు. నేను అతని వైపు చూడకుండా ఉండిపోయాను. ప్రింటు మళ్ళీ కదల్లేదు.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ మాట ఊరంతా పాకింది. ప్రతి ఆటలోనూ బావి సీను రాగానే హాలు గప్‌చుప్ అయ్యేది, ఎవరో ఒకరు ఆ మాట అనేవారు. ఒకరోజు తాతగారు, ఒకరోజు కాలేజీ పిల్ల, ఒకసారి డ్యూటీ దిగి వచ్చిన పోలీసాయన. మొదటి రోజు సీట్లు బాదిన పిల్లలు మళ్ళీ మళ్ళీ వచ్చి, ఇవాళ నేనంటానంటే నేనంటానని బయటే వాదించుకునేవారు. సువార్తమ్మ మాత్రం అన్నవాణ్ణి చూడనిచ్చేది కాదు. అందరూ అనే మాట అనడం సులువనేది, విన్నవాళ్ళ చేతులు ఒళ్ళోకి వచ్చాయా లేదా చూడమనేది.

ఆ సినిమా వెళ్ళిపోయిన వారంలోనే నన్ను కూర్చోబెట్టి, హైదరాబాదులో ఎడిటింగ్ గదిలో పని చేసే తన చెల్లెలి కొడుకు దగ్గరికి వెళ్ళమంది. నాకు బుకింగ్ కిటికీ బాగానే ఉందన్నాను. "ముక్క దాసిపెట్టుడు నీకు తెల్సు. ఇగ కోసుడు నేర్చుకో పో" అంది. మా అమ్మ ఒప్పుకోకపోతే తనే నెక్కొండ వచ్చి ఒప్పించింది. ఆ రోజు మా ఇంట్లో తిన్న చారు గురించి తర్వాత ఎన్నిసార్లు చెప్పిందో.

పదేళ్ళ తర్వాత లీజు ముగిసింది. ఫంక్షన్ హాలన్న మరిది మాటే చివరికి నెగ్గింది. ఆఖరి ఆట మ్యాట్నీ అనీ, శేఖర్ గోడౌన్ వెతికి ఆ పాత ప్రింటే తెచ్చాడనీ ఆమె ఫోన్ చేసింది. నేను బ్యాగుతో సహా దిగాను. హైదరాబాదు పని వదిలేస్తాననీ, మరిదితో మాట్లాడి మనిద్దరం కలిసి టాకీసు నడుపుదామనీ చెప్పాను. దారిలో అంతా ఆలోచించుకునే వచ్చాను. ఆమె విని, ముందు ఆట కానియ్యి అంది. తర్వాత నన్ను తన కుర్చీలో కూర్చోమంది. ఆమె వెళ్ళి మధ్య వరసలో, జనంలో కూర్చుంది. ఆ సినిమాను ఆమె తెర మీద చూడటం అదే మొదలు.

కొత్తగా వచ్చిన పిల్ల ఎట్లా చూస్తుందో అట్లా చూసింది. నీలం రక్తానికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పసుపుకు పక్కామె మోచెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపు వస్తోంది, ఎదురుగా కూర్చున్నదాన్ని కనుక దాచుకోవడానికి లేదు. బావి వచ్చింది. హాలు నిండా మా పాత జనమే, అందరికీ ఆ మాట తెలుసు, ఒక్కరూ అనలేదు. ఆమె కోసం వదిలేశారు. తెల్లటి వెలుగులో సువార్తమ్మ తెర మీంచి చూపు తీసి, కుర్చీలో ఉన్న నా వైపు చూసింది.

"ఇగ సాలు, పో బిడ్డా" అంది. ఇంటికి అన్న మాట వదిలేసింది.

బయటికి వచ్చాక సినిమా ఎట్లా ఉందని అడిగాను. కత్తులు బాగున్నాయంది. బావి సీను మాత్రం జర పొడుగైందంది. యాకూబ్ భాయ్ పడీ పడీ నవ్వాడు. నేను మర్నాటి పొద్దుటి బండికి హైదరాబాదు వెళ్ళిపోయాను, ఆ తర్వాత పని మానేస్తానని ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు సువార్తమ్మ లేదు. ఆమె పోయిన వార్త నాకు ఎడిటింగ్ గదిలోనే తెలిసింది. ఆ రోజు పని ఆపలేదు, ఆపితే తిట్టేది.

మొన్న శుక్రవారం నా సినిమాలోనూ ఆఖరి దెబ్బ తర్వాత ఒక నిశ్శబ్దం ఉంది. నిర్మాత నెల రోజులుగా దాన్ని లేపేయమంటూనే ఉన్నాడు, నేను కాదంటూనే ఉన్నాను. అది వచ్చేసరికి నాలుగో వరసలో ఒకడు, సౌండ్ రా బాబూ అని అరిచాడు. కొందరు నవ్వారు. నిర్మాత వెనక నుంచి నా వైపు చూస్తున్నాడు. నేను నాలుగో వరస వైపే చూస్తున్నాను. అరిచినవాడు పక్కవాడి ముఖం చూడలేదు. చేతిలోని పాప్‌కార్న్ డబ్బా మెల్లగా ఒళ్ళోకి దించుకున్నాడు. దీపాలు వెలిగే దాకా నేను తెర వైపు తిరగలేదు.