కొలవని హెడ్డు

మొన్న ఆసుపత్రిలో నర్సమ్మ సిరంజీని కిటికీ వెలుతురుకెత్తి, కంటికి సూటిగా పట్టుకుని, లోపలి బుడగ పోయేదాకా వేలితో మీటింది. సూదంటే నాకు భయం లేదు. సరే, ఉంది. కానీ మొన్న నేను చెయ్యి వెనక్కి లాక్కుంది సూదికి కాదు. సిరంజీని అలా పట్టుకునే మనిషిని నా జీవితంలో ఇంకొక్కరినే చూశాను. ఆయన డాక్టరు కాదు, విజయవాడ ఆటోనగర్లో పడవ ఇంజన్లు బాగుచేసే భావన్నారాయణ మేస్త్రీ గారు. ఆయన సిరంజీలో ఉండేది కిరసనాయిలు.

మేస్త్రీ గారు మంగళగిరిలో మగ్గాల ఇంట పుట్టి ఇనుములోకి వచ్చిన మనిషి. ఆయన షెడ్డులో నేను పాతికేళ్ళు పనిచేశాను. పాతిక అని అలవాటుగా అంటాను గానీ, నిజానికి పదకొండు. హెడ్డంటే సిలిండరు మీద మూతలా కూర్చునే ఇనప దిమ్మ. దాని అడుగున గిన్నెలాంటి గుంట ఉంటుంది. పిస్టను పైకొచ్చినప్పుడు గాలంతా ఆ గుంటలో ఇరుక్కోవాలి. ఎంత గాలి ఎంత చోట్లోకి నొక్కుకుపోతుందన్నదే కంప్రెషన్ రేషియో. పైకి చూస్తే హెడ్లన్నీ కవలపిల్లల్లా ఉంటాయి, అచ్చుపోసినప్పుడు పడే పోత నంబరు కూడా ఒకటే కావచ్చు. కానీ వంగిన హెడ్డుని మిషను మీద గీసి చదును చేసినప్పుడల్లా గుంట లోతు తగ్గుతుంది. అందుకని గీసిన ప్రతిసారీ ఆయన హెడ్డు అంచున మొనదేలిన పంచితో ఒక చుక్క కొట్టేవారు. మళ్ళీ ఆ చుక్కనీ నమ్మేవారు కాదు. చిల్లున్న గాజుపలకని గుంట మీద అంటించి, సిరంజీతో కిరసనాయిలు నింపి, ఎంత పట్టిందో చూసేవారు.

"సిలిండరు తొమ్మిదివందల సీసీలు. గుంటలో యాభై పట్టింది. రెండూ కలిపి యాభైతో భాగించు," అన్నారొకసారి.

"పంతొమ్మిదండీ."

"గుంటలో నలభై అయిదే పట్టిందనుకో?"

వేళ్ళ మీద కుస్తీపట్టి, "ఇరవై ఒకటి" అన్నాను.

"తేడా అయిదు సీసీలు, రాఘవులూ. చెంచాడు. మగ్గం మీద పోగు తెగితే కంటికి కనబడుద్ది. ఇది కనబడదు. ఏటి మధ్యలోకెళ్ళాక తెలుస్తుద్ది."

నాకంత ఓపిక ఎక్కడిది? హెడ్డు మీద స్పానరుతో కొట్టి, మోతనిబట్టి దాని జాతకం చెప్పేవాణ్ణి. చూసేవాళ్ళు నోళ్ళు తెరిచేవారు. మోతలో నాకేమీ వినబడేది కాదు. పోత నంబరు ముందే చూసుకునేవాణ్ణి.

ఆ ఏడు ఎగువన వానలు పడి కృష్ణ ఎర్రగా తిరిగింది. బ్యారేజీకి కొన్ని గేట్లెత్తారు, లాంచీలు ఇంకా ఆపలేదు. బ్యారేజీకి ఎగువన, అవతలి లంకకి మనుషుల్ని దాటించే నాంచారయ్య లాంచీ హెడ్డు పగిలింది. మా షెడ్డులో దానికి సరిపోయేవి రెండున్నాయి. ఒకటి గీయనిది, రెండోది రెండుసార్లు గీసింది. అంతకు వారం ముందే, చూడ్డానికి కొత్తవాటిలా ఉండాలని, రెంటికీ నేనే దట్టంగా నీలం రంగు వేశాను. చుక్కలు రంగు కింద పూడిపోయాయి. స్పానరుతో కొట్టి ఒకదాన్ని ఎంచాను.

"కొలిచావా?" అన్నారు మేస్త్రీ గారు.

"యాభై అండీ," అన్నాను.

సాయంత్రానికి బిగించి పంపాను. మర్నాడు పొద్దున మిగిలిన హెడ్డుని పక్కకి జరుపుతుంటే అంచున రంగు పెచ్చులుగా ఊడింది. కింద ఒక్క చుక్కా లేదు. గీయనిది ఇక్కడే ఉంది. అంటే రెండు చుక్కలది ఏట్లో ఉంది.

ఈ కథ చెప్పేటప్పుడు, ఆ క్షణమే మేస్త్రీ గారి దగ్గరికి పరిగెత్తానంటాను. పరిగెత్తలేదు. తలుపు దగ్గరికి వేసి, నలభై అయిదు వస్తుందేమోనన్న ఆశతో, ఆ హెడ్డుని మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ యాభయ్యే. అప్పుడు వెళ్ళి చెప్పాను.

ఆయన కేకలెయ్యలేదు. "నిన్న యాభై అని ఎట్టా చెప్పావు?"

"మీకు కావాల్సింది అదే గదండీ."

ఆయన చెప్పులేసుకున్నారు. ఆటోలో రేవుకెళ్ళాం. నొక్కుడెక్కువైతే హెడ్డు కింద పరిచే పలచటి గాస్కెట్టు కాలిపోతుంది, ఇంజను ఆగిపోతుంది. ఆగిన లాంచీని ఆ ప్రవాహం ఎత్తిన బ్యారేజీ గేట్లలోకి లాక్కుపోతుంది. రేవులో దిగేసరికి లాంచీ నది నడుమ ఇటు తిరిగి ఉంది. నీళ్ళ మీదుగా చప్పుడు ముందొచ్చింది. డుగుడుగు మధ్యలో సుత్తి దెబ్బలాంటి టక్కు. మేస్త్రీ గారు కళ్ళు మూసుకుని విన్నారు. నేను ప్రతి టక్కుకీ తరవాతి టక్కు వస్తుందా అని ఊపిరి బిగబట్టాను.

వచ్చింది. లాంచీ ఒడ్డుకి తగిలింది. నాంచారయ్య నవ్వుతూ దూకాడు.

"ఏం హెడ్డేశావయ్యా రాఘవులూ! ఎదురేటికి గుర్రంలా లాగుతోంది. చెయ్యంటే నీదయ్యా! కాస్త మోతుందిలే, సర్దుకుంటది."

నొక్కుడు పెరిగితే కొన్నాళ్ళు జోరుగానే లాగుతుంది. రేవులో అందరూ నావైపు చూశారు. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఒడ్డు నుంచి వేసిన చెక్క మీదుగా ఎక్కడం మొదలుపెట్టారు. ఒక్క మాటతో మేస్త్రీ గారే ఆపొచ్చు. ఆయన లాంచీ తాడు దగ్గర నిలబడి, ముడి మీద చెయ్యేసి, నన్ను చూస్తున్నారు.

"ఎక్కకండి," అన్నాను చివరికి. "నేను కొలవలేదు. కొలిచానని అబద్ధం చెప్పాను. అది వేరే హెడ్డు."

నాంచారయ్య మొహం మాడిపోయింది. "ఇందాకట్నించీ నోట్లో ఏం పెట్టుకున్నావురా?" అన్నాడు. ఎక్కినవాళ్ళలో ఖాళీ పాలక్యాన్ల మనిషి ఒకడు నన్ను తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను. రేవులోనే హెడ్డు విప్పాం. గాస్కెట్టు మీద నల్లటి కాలుడు మరక, ఇంజనుని చల్లబరిచే నీటిదారి వైపు పాకి ఉంది. ఇంకొక్క ట్రిప్పు వేస్తే అంతా పోయేవాళ్ళని అందరికీ చెబుతుంటాను. ఆ రోజు మేస్త్రీ గారిని అదే అడిగాను. ఆయన మరకని గోటితో గీకి, "తెలీదు. నెల ఆడేదేమో, ఇప్పుడే పోయేదేమో" అన్నారు. తెలియనిదాన్ని తెలీదని అంత తేలిగ్గా అనగలిగిన మనిషిని మళ్ళీ చూడలేదు.

తిరుగు ఆటోలో షెడ్డు దాకా ఆయన ఒకే ఒక్క మాట అన్నారు.

"ఏడుగురు ఎక్కారు."

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఈ కథ చెప్పినచోటల్లా లాంచీకి వందమందిని ఎక్కించాను, కృష్ణని సముద్రమంత చేశాను, ఎవరూ చెక్క మీద కాలు పెట్టకముందే రేవు అదిరేలా అరిచాను. ఇవన్నీ చెప్పగలను, చెబుతూనే ఉంటాను. కానీ ఎక్కడైనా ఎవరైనా "సరిచూశావా?" అని అడిగితే, అబద్ధం నాలుక చివరికొచ్చి అక్కడే ఆగిపోతుంది. పాలక్యాన్ల మనిషి, కూరగాయల గంపతో ఒకావిడ, భార్యాభర్తలు, పుస్తకాల సంచితో మాస్టారు, ఆయన వెనక ఇద్దరు కూలీలు. నేను నోరు మూసుకుని నిలబడి ఉండగా ఒకరి తరవాత ఒకరు వంగి చెక్క ఎక్కుతుంటారు.